పసుపు తుడిచిన బండ

నా మొగుడు పోయిన మూడో నెలలో మా బావగారు, అంటే ఆయన అన్న, నా గుడ్డల మూట తెచ్చి వాకిట్లో పెట్టాడు. తిట్టలేదు, కొట్టలేదు. "ఇంగ నీకు ఈడేముండాదమ్మా, మీ పుట్టింటికి పో" అన్నాడు. పుట్టింట్లో ఎవరున్నారని? అమ్మా నాయనా ఇద్దరూ అంతకుముందే పోయారు. నాకప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఐదో తరగతి దాకా చదివిన మొండిదాన్ని. మూట చంకన పెట్టుకుని ఆ ఇల్లు వదిలాను గానీ, ఊరు వదల్లేదు.

కోడుమూరు దారిలో, ఊరి చివర, బంజరు నేల ఉండేది. తెల్లదొరల కాలంలో కొలిచి, ఎందుకూ పనికిరాదని రాసి పోయిన రాళ్ల నేల. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బంజరు సాగు చేసుకున్నవాళ్లకు సర్కారు పట్టా ఇస్తుందని మా ఊళ్లో దండోరా వేశారు. నాకు కావలసింది అదే. ‘పో’ అని ఎవరూ అనలేని నేల ఓ చెక్క.

అక్కడే గుడిసె వేసుకుని మూడేళ్లు రాళ్లు ఏరాను. గంపకెత్తి గట్టున పోయడం, మళ్లీ వంగడం. పాడు నేల, వాన పడిందంటే నిన్న ఏరిన చోటే కొత్త రాళ్లు తేలేవి. గట్టిగా తిట్టేదాన్ని. వినేవాళ్లెవరు? కూలికి పిలిస్తే మగదిక్కు లేని చేనని ఎవరూ రాలేదు.

చేను నడుమ మనిషెత్తు బండ ఒకటి ఉండేది. దాన్ని కదిలించడం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం దాని నీడన చేరి, వీపు ఆనించి, జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి తినేదాన్ని. మొదట్లో దాన్నీ తిట్టాను, అడ్డంగా నువ్వొకదానివని. రానురానూ దానితో మాట్లాడటం మొదలుపెట్టాను. వాన రాలేదేమే అని, కొర్ర మొలిచింది చూడవే అని. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం? రోజంతా నోరు విప్పకపోతే సాయంత్రానికి గొంతు పూడుకుపోయేది. ఆ మూడేళ్లలో నాకున్న తోడు అదొక్కటే.

మా వైపు విత్తనం వేసే ముందు చేనిలో రాయికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ తర్వాతే గొర్రు కడతారు. అది ఇంటి మగవాడు చేసే పని. నాకు మగవాడు లేడు కాబట్టి ఆ ఏడు నేనే చేశాను. అదీ ఎప్పుడు? పట్టా కొలతకు అధికారి వచ్చే రోజు పొద్దున్నే! కుంకుమ అడిగితే అంగడాయన "నీకెందుకమ్మా?" అన్నాడు. "నాకు కాదులే, నా చేనికి" అని కసిరాను. నా నుదుట లేని కుంకుమ ఆ బండకు పెట్టాను. దాని ఒళ్లంతా పసుపు పూశాను. ఈ పూట గట్టెక్కించవే అని మొక్కాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎండెక్కాక రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, గొలుసు పట్టేవాళ్లు, వాళ్ల వెనక సగం ఊరు వచ్చింది. కొలత గొలుసు బండ దగ్గర ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు కాగితాల్లోంచి తలెత్తాడు.

"ఇక్కడ దేవత ఉందని ఎవరూ చెప్పలేదే! దేవుడి చోటైతే పట్టా కుదరదు. పోరంబోకు అని రాయాలి."

మా బావగారు ముందుకొచ్చాడు. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా అబద్ధమాడను, నా నోటికాడి కూడు తీద్దామని రాలేదాయన. చెప్పులు విడిచి, బండకు నిజంగానే దండం పెట్టాడు.

"పసుపు పెట్టినాక అమ్మోరే గదా సామీ. కాదనేదానికి మేమెంతోళ్లం?" అన్నాడు. వెనకున్నవాళ్లు కూడా చేతులు జోడించారు.

"సాగు చేసింది నువ్వు కాబట్టి నువ్వే చెప్పమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇది దేవతా, రాయా?"

కాయలు కాసిన నా అరచేతులు చూసుకున్నాను. "రాయే సార్" అన్నాను.

ఆయన కదల్లేదు. పసుపు కళ్లెదుట కనబడుతుంటే ఎట్లా నమ్ముతాడు? చెంగుతో తుడిచాను. ఎండిపోయి ఒక పట్టాన రాలేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు కుమ్మరించి, గోళ్లతో గీకాను. వెనక ఆడవాళ్లు అయ్యయ్యో అన్నారు గానీ ఒక్కతీ దగ్గరికి రాలేదు. గొలుసు ముందుకు సాగింది.

పట్టా నా పేరున వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే రొట్టె పట్టుకుని బండ దగ్గరికి వెళ్లాను. కూర్చోలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని ఆనుకోను? ఎండలో గట్టు మీద కూర్చుని తిన్నాను. ఆ తర్వాత రోజూ అంతే. దానితో మాట కూడా పోయింది.

రెండేళ్లకు బేతంచెర్ల నుంచి బండలు కొట్టే మేస్త్రీ ఒకాయన పని వెతుక్కుంటూ మా ఊరొచ్చాడు. నా చేను చుట్టూ తిరిగి చూసి, "దీన్ని పగలగొట్టిస్తే ఇంగో నాలుగు సాళ్లు పడతాయమ్మా. ఉత్త రాయి, ఊరికే అడ్డముండాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉత్త రాయని ఎవడు చెప్పినాడు నీకు?" అని కొడవలి ఎత్తాను.

ఆయన బెదిరి వెనక్కి జరిగాడు. "ఎవురో ఏంది తల్లీ? ఊరందరి ముందర నువ్వే చెప్పినావంట గదా!"

కొడవలి దించాను. ఆయన దారి మలుపు తిరిగేదాకా ఆగి, బండ దగ్గరికి పోయి ఏడ్చాను. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు కూడా దానికి ఆనుకోలేదు.