ఒకే ఇంట్లో రెండు పురుళ్ళు

2011 ఆగస్టు రెండో ఆదివారం, చర్చి ఆరాధనలో రెండో పాట మూడో చరణం దగ్గర, స్త్రీల సమాజం కార్యదర్శి సరోజినమ్మ గారు పాట ఆపి, పాటల పుస్తకం పక్కావిడ ఒళ్ళో పెట్టి, తొందరపడకుండా బయటికి నడిచి, మెట్ల పక్కన విడిచిన నలభై జతల చెప్పుల్లోంచి సంఘపెద్ద చిన్నారావు గారి కొత్త తోలు చెప్పులను ఏరుకున్నట్టుగా, వాటిలో వాంతి చేసుకున్నారు. తర్వాత వాటిని కుళాయి కింద కడిగి, గోడ మీద బోర్లించి, లోపలికి వచ్చి చివరి చరణం అందుకున్నారు. ఆరాధన అయ్యాక చిన్నారావు గారు ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, రాయ్‌పూర్‌లో ఈ ఏడు వానలు ఎక్కువేనని అంటూ ఇంటికి వెళ్ళారు.

సరోజినికి అప్పటికి నలభై నాలుగేళ్ళు. భర్త దానయ్య రైల్వే వేగన్ల షాపులో ఫిట్టరు. అతని తండ్రి పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వాళ్ళ రైల్వే క్వార్టర్లో మూడు భాషలు నడిచేవి: దేవుడితో తెలుగు, కూరలమ్మే ఆమెతో ఛత్తీస్‌గఢీ, కోపం వస్తే హిందీ. సరోజిని కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. కొలతలు ఎక్కడా రాసుకునేది కాదు, మనిషిని చూస్తే చాలు. ఎవరు ఒళ్ళు చేశారో వాళ్ళ కంటే ముందు ఆమెకే తెలిసేది. తన జాకెట్టు బిగువైన సంగతి మాత్రం ఆ కంటికి ఆనలేదు. నెల తప్పితే, వయసు మళ్ళుతోంది గదా అనుకుని ఊరుకుంది.

పక్క క్వార్టర్ అప్పలనరసమ్మ ఊరుకోలేదు. ఆమె ప్రతి మంగళవారం హనుమాన్ మందిరానికి వెళ్ళే మనిషి, ఐదుగురు పిల్లల తల్లి.

"ఓలమ్మా వదినా, ఇది గేసు కాదు. నీ మొకం సూస్తే తెలస్తంది."

"నోర్మూసుకో వదినా. కడుపుతో ఉన్నది మా నళిని."

"నళినికి ఐదో నెల. నీకు మూడో నెల. ఐదుగుర్ని కన్నాన్నాను, నాకు సెప్పకు."

నళిని వాళ్ళ కూతురు. ఏడాది కిందటే పెళ్ళయింది. భర్త వివేక్‌తో, అత్తగారితో బీర్‌గావ్‌లో ఉంటోంది. అల్లుడిది ఫ్యాక్టరీ ఉద్యోగం. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలని రెండు కుటుంబాలూ ఎప్పుడో మాట్లాడేసుకున్నాయి. సరోజిని పాత చీరలు ఉతికి మెత్తటి బొంతలు కుట్టి సిద్ధంగా పెట్టింది. అవి మనవడికో మనవరాలికో అనుకుంది తప్ప, ఇంకొకరికి కూడా పనికొస్తాయని అనుకోలేదు.

సంగతి వినగానే దానయ్య మంచం మీద కూలబడ్డాడు.

"షాపులో ఏ మొకం ఎట్టుకెళ్తానే? నెలన్నర తిరిగితే ఏభయ్యోపడి."

"ఇప్పటిదాకా ఏ మొకం పెట్టుకెళ్ళారో అదే."

ఆస్పత్రిలో కాగితాలు నింపే అమ్మాయి తల ఎత్తకుండానే "బచ్చే కిత్నే?" అని అడిగింది.

"ముగ్గురు. ఇది నాలుగోది," అంది సరోజిని.

"ఒకత్తే కదే!" అన్నాడు దానయ్య.

"ఒకతి బీర్‌గావ్‌లో ఉంది. ఇద్దరు దేవుడి దగ్గర ఉన్నారు. పేర్లు పెట్టనంత మాత్రాన పిల్లలు కాకుండా పోతారేటి?"

నళిని తర్వాత ఇద్దరు కడుపులోనే పోయారు. ఒకరు మూడో నెలలో, ఇంకొకరు ఐదో నెలలో. ఆ రెండో బిడ్డను నర్సు పాత పేపర్లో చుట్టి దానయ్య చేతికిచ్చింది. ఆ రోజు ప్రార్థన చేయడానికి ఎవరూ రాలేదు. అది కూడా ఒక చావేనని ఎవరికీ తోచలేదు. సరోజినికి తోచింది. ఆ అమ్మాయి "ఏక్" అని రాసిన అంకె కొట్టేసి "తీన్" అని రాసేదాకా ఆమె కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

రక్తపరీక్షల ఫలితం వచ్చిన రోజున డాక్టరమ్మ వాళ్ళను కూర్చోబెట్టి, తలుపు వేయించి, నెమ్మదిగా చెప్పింది. ఆవిడ మంచి మనిషి. సరోజిని వయసుదే.

"చూడండి సరోజినీ జీ, ఇలాంటి ఫలితం వచ్చిన పదకొండు మందిలో ఒకరికి బిడ్డ బుద్ధిమాంద్యంతో పుట్టవచ్చు. గుండె కూడా బలహీనంగా ఉండవచ్చు. పైగా మీకు బీపీ. వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, ఇంకా సమయం ఉంది. నిర్ణయం మీదే."

"తీయించేద్దాం డాక్టర్‌సాబ్," అన్నాడు దానయ్య. ఆ మాట అంటున్నప్పుడు అతను భార్య వైపు చూడలేదు. గోడ మీది నవ్వే పాప క్యాలెండరు వైపూ చూడలేదు. ఆ గదిలో చూడటానికి మిగిలింది చెత్తబుట్టే గనక దాన్ని చూశాడు.

"డాక్టర్‌జీ," అంది సరోజిని, "ఆ పదకొండో బిడ్డకి మాత్రం అమ్మ అక్కర్లేదా?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీరు చెప్పిన మందులన్నీ మింగుతాను. ఉప్పు మానేస్తాను. వారం వారం వస్తాను. బిడ్డని మాత్రం ఇప్పుడు మీ చేతికివ్వను, పుట్టాకే ఇస్తాను."

డాక్టరమ్మ బీపీ మాత్రలు రాసిచ్చింది.

ఆ శనివారం నళిని బీర్‌గావ్ నుంచి ఆటోలో వచ్చి, దిగుతూనే ఏడుపు మొదలుపెట్టింది.

"మా అత్తగారు అడుగుతోందమ్మా. మీ అమ్మ నీకు పురుడు పోస్తుందా, నువ్వు మీ అమ్మకి పోస్తావా అని."

"రెండూ అని చెప్పు."

"సీరియస్‌గా అడుగుతున్నాను!"

"నేనూ సీరియస్‌గానే చెబుతున్నాను. నీకు జనవరి, నాకు మార్చి. ఒకళ్ళు లేచేసరికి ఒకళ్ళు పడుకుంటాం."

"నా సీమంతంలో నువ్వు నా పక్కన కూర్చుంటే, వచ్చినవాళ్ళు గాజులు ఎవరికి తొడుగుతారమ్మా?"

"నాకు గాజులు వద్దులే. మిషను తొక్కేటప్పుడు అడ్డం."

నళిని కోపంతో అన్నం మానేసింది, అది చూసి సరోజినీ మానేసింది. కడుపుతో ఉన్న మనిషి అలా మానకూడదని తల్లి, తల్లి మాత్రం మానవచ్చా అని కూతురు వాదించుకుని, చివరికి ఇద్దరూ ఒకే కంచంలో పప్పన్నం తిన్నారు. రాజీ మాత్రం కుదరలేదు.

దానయ్య సంగతి చెవిన వేస్తే, చీకటి పడకముందే చిన్నారావు గారు వచ్చారు. ఆయన రిటైరైన గార్డు. గొంతు తగ్గించి మాట్లాడినా ఒక ప్లాట్‌ఫారమంతా వినిపిస్తుంది.

"అమ్మా సరోజినమ్మా, దేవుడు కరుణ గలవాడు. నీ వయసుకి, నీ ఆరోగ్యానికి ఆయన బలవంతం పెట్టడు. నాలుగ్గోడల మధ్య అయిపోతే సంఘానికీ అల్లరుండదు. రేపు నువ్వే కదా ఆడపిల్లలకి బుద్ధులు చెప్పాల్సినదానివి."

"పెద్దయ్యగారూ, బైబిల్లో తొంభయ్యేళ్ళ ముసలామెకి దేవుడు బిడ్డనిచ్చాడని పోయిన క్రిస్మస్‌కి మీరే ప్రసంగించారు. మేమంతా చప్పట్లు కొట్టాం."

"అది వేరమ్మా. ఆవిడ మన సంఘంలో మనిషి కాదు."

ఆయన వెళ్ళాక సరోజిని మిషను ముందు కూర్చుంది. కుట్టలేదు. భయం ఆమెకు లేదని కాదు. తను పోతే నళినికి పురుడెవరు పోస్తారు? బిడ్డ డాక్టరమ్మ చెప్పినట్టే పుడితే, తన తర్వాత దాన్నెవరు చూస్తారు? దేవుడు తనకు చెవిలో ఏమీ చెప్పలేదు, కలలోనూ కనిపించలేదు. చేతి కింద సగం కుట్టిన జాకెట్టు ఉంది. పని సగంలో ఉండగా ఎవరైనా వచ్చి, ఇది కుదిరేలా లేదని కత్తెర పెడితే తను ఊరుకుంటుందా? లోపల కుట్టుపని చేస్తున్నది ఆయన. ఎలా కుడుతున్నాడో ఆయనకు తెలుసు. ఎవరి ఒంటికో కూడా తెలుసు. తన ఒళ్ళు ఆయన కూర్చున్న చోటు, అంతే. అలా అనుకున్నాక భయం పోలేదు గానీ, అది కాస్త పక్కకు జరిగి కూర్చుంది.

ఆ సంఘంలో ప్రార్థన మనవులు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. పేరు రాయాలన్న నియమం లేదు. ఆదివారం చిన్నారావు గారు ఒక్కొక్కటే తీసి చదువుతారు, పాస్టరు అయ్యగారు ప్రార్థిస్తారు. చిన్నారావు గారు మోకాళ్ళ నొప్పుల చీటీ, బదిలీ చీటీ చదివి మూడోది విప్పారు.

"కడుపులో ఉన్న బిడ్డ కొరకు. డాక్టర్లు భయపెట్టుచున్నారు. ఇంట్లోవాళ్ళు వద్దనుచున్నారు. సంఘమంతా ప్రార్థించాలి."

ఆడవాళ్ళ వైపు తలలన్నీ ఒక్కసారిగా నళిని వైపు తిరిగాయి. ఆరో నెల పొట్టతో దొరికిపోయినట్టు కూర్చుంది ఆ పిల్ల. అయ్యగారు మధ్యలోని చాప దాటి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. బిడ్డను వద్దంటున్న ఆ అత్తింటివాళ్ళ కఠిన హృదయాలను మార్చమని కళ్ళు మూసుకుని బిగ్గరగా ప్రార్థించడం మొదలుపెట్టారు. వెనక వరసలో ఉన్న వివేక్ ఒక కన్ను తెరిచాడు.

"అయ్యగారూ," అంది సరోజిని లేచి నిలబడి. "ఆళ్ళు మంచోళ్ళండి. చెయ్యి ఇటు పెట్టండి. ఆ చీటీ నాది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్ళు కొందరు, పెట్టుకోవడం మరిచిపోయినవాళ్ళు కొందరు. చిన్నారావు గారు చీటీని వెనక్కి తిప్పి చూశారు, ఇంకేమైనా రాసి ఉందేమోనని.

"సిగ్గుపడాల్సిన పనేం చేశానో నాకైతే తెలీదు," అంది సరోజిని. "పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకి కడుపుతో ఉన్నాను. తండ్రి ఎవరో మీ అందరికీ తెలుసు."

తండ్రి ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. ఆ గుడిలో మగాళ్ళు కుడివైపు, ఆడాళ్ళు ఎడమవైపు. మధ్యలో పరిచిన పీచు చాపను అయ్యగారు తప్ప ఏ మగవాడూ దాటిన గుర్తు లేదు. దానయ్య లేచాడు. బయటికి పోతాడనే అందరూ అనుకున్నారు. సరోజినీ అదే అనుకుంది. అతను చాప దాటి, ఆడవాళ్ళ మోకాళ్ళ మధ్యనుంచి ఒక్కొక్కరికీ క్షమించమని చెప్పుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"నాది కూడానండి," అన్నాడు.

అయ్యగారు ఇద్దరి తలల మీదా చేతులు పెట్టారు.

జనవరిలో నళినికి మగబిడ్డ పుట్టాడు. ఎనిమిదో నెల పొట్టతో సరోజిని పీట మీద కూర్చుని మనవడికి నీళ్ళు పోయబోతే, అప్పలనరసమ్మ వచ్చి చెంబు లాక్కుంది. "నెగు వదినా, పొట్ట మీద పిల్లోడు నిలవడు, జారిపోతాడు." మార్చిలో ఆ పీట మీదే నళిని కూర్చుని, రెండు నెలల కొడుకును పక్కన పడుకోబెట్టుకుని, చెల్లెలికి నీళ్ళు పోసింది. బీర్‌గావ్ అత్తగారు మిరియాల కారం, వెల్లుల్లి డబ్బాలో పెట్టుకుని వచ్చి, తల్లీ కూతుళ్ళిద్దరికీ తినిపించి మరీ వెళ్ళింది.

డాక్టరమ్మ చెప్పిందే నిజమైంది. ఆ పదకొండో బిడ్డ ఈ పాపే. గుండె మాత్రం గట్టిదే. కబురు విని చూడటానికి వచ్చినవాళ్ళు పాప కళ్ళు చూసి "అయ్యో" అంటే, సరోజిని వాళ్ళ చేతిలో టీ గ్లాసు పెట్టి, "ఆ మాట బయటే అనేసి రండి, ఇంట్లో పసిబిడ్డ ఉంది," అనేది. దేవుడు పొరపాటున పంపాడేమో అని ఒకావిడ అంటే, ఆయన పొరపాట్లు దిద్దే ఉద్యోగం నీకెప్పుడు ఇచ్చాడమ్మా అని అడిగింది. పాపకు చాందిని అని పేరు పెట్టింది అప్పలనరసమ్మ. బాప్తిస్మం పేరు ఇంకోటి ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే పాప పలకదు.

ఇప్పుడు చాందినికి ఐదేళ్ళు. నాలుగు నెలల కింద నడక కుదిరింది. మాటలు పది దాకా వచ్చాయి. వాటిలో ఆమెకు బాగా నచ్చింది "ఆమేన్". ప్రసంగంలో ఎక్కడ పడితే అక్కడ, అయ్యగారు ఊపిరి తీసుకోవడానికి ఆగినా సరే, గుడి అదిరిపోయేలా అంటుంది. అక్క కొడుకు నోరు మూయబోతే వాడి చెయ్యి కొరుకుతుంది.

పోయిన ఆదివారం ప్రసంగం ముగిశాక చిన్నారావు గారు సరోజిని దగ్గరికి వచ్చారు.

"అమ్మా, పిల్లని కాస్త బయట కూర్చోబెట్టుకోకూడదూ? దీని అరుపులకి ఎవరికీ ఒక్క ముక్క వినబడట్లేదు."

"ఇది పుట్టకముందు దీని గురించి మీరంతా మాట్లాడేశారు కదండీ పెద్దయ్యగారూ, ఇప్పుడు దీన్ని మాట్లాడనివ్వండి," అంది సరోజిని.