మేనమామ పోలిక

ఆడవాళ్ల బట్టలు కుట్టే ఆమెకు రంగుల పట్టింపు ఎక్కువ. దారం ఒక్క ఛాయ తేడాగా ఉన్నా కుట్టంతా విప్పేసేది. అదే ఇంట్లో పుట్టిన ఆమె అన్న రంగుల దగ్గర నవ్వులపాలయ్యేవాడు. వడ్రంగంలో చెయ్యి తిరిగినవాడే, టమాటాలు తెమ్మంటే మాత్రం సగం పచ్చివి తెచ్చేవాడు. "కళ్లు నెత్తికెక్కాయా?" అని తల్లి తిట్టేది, చెల్లెలు వంత పాడేది.

ఆ చెల్లెలి కొడుక్కి రైలు నడపాలని కోరిక. రాతపరీక్ష గట్టెక్కాడు. కంటి పరీక్షలో రంగుచుక్కల మధ్య దాగిన అంకెలు చదవలేకపోయాడు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లతో సిగ్నళ్లు చూడటం కుదరదన్నారు. నమ్మకం కలగక ఆమె అతన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"మీ వైపు ఇంకెవరికైనా ఉందామ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

ఆమెకు సగం పచ్చి టమాటాలు గుర్తొచ్చాయి. "మా అన్నకి... ఉందేమోనండి."

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. కణాల్లోని డీఎన్ఏలో మన ఒంటి తీరుకు సంబంధించిన సమాచారం ఉంటుంది. ఎరుపూ ఆకుపచ్చా పోల్చుకోవడానికి కావలసిన భాగానికి ఆడవాళ్లలో రెండు ప్రతులుంటాయి, మగవాళ్లలో ఒక్కటే. ఆ ఒక్కటీ తల్లి నుంచే వస్తుంది.

"మీకున్న రెండింట్లో ఒకటి బాగుంది, అందుకే మీకు ఇబ్బంది లేదు. లోపమున్న రెండోది మీ అబ్బాయికి వెళ్లింది. మీ అన్నగారికీ మీ అమ్మగారి నుంచి అలాగే వచ్చుంటుంది."

"అంటే నా వల్లేనా?"

"మీ ద్వారా వచ్చిందంతే. ఏది పంపాలో ఏ తల్లి చేతిలోనూ ఉండదు."

ఆ సాయంత్రం ఆమె అన్న కొట్టుకు వెళ్లింది. బల్ల కాలికి చిత్రిక పడుతున్న అతను అంతా విని చెయ్యి ఆపాడు.

"రంగులు తెలియట్లేదని ఒక్కసారైనా చెప్పలేదేం అన్నయ్యా?"

"తెలియట్లేదని నాకేం తెలుసే! అందరికీ ఇలాగే కనపడుతుందనుకున్నా. మీరంతా చురుకు, నేనే మొద్దునని సరిపెట్టుకున్నా."

ఆమె నవ్వబోయింది, కానీ కళ్లు చెమర్చాయి.

"ఊరుకోవే," అన్నాడు అతను. "మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారుగా, పాపం వాడికి ఇది తగిలింది."

కొడుకు కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. మామ వచ్చి పక్కన కూర్చున్నాక నోరు విప్పాడు. మరుసటి ఏడాది స్టేషన్‌లో ప్రకటనలు చదివే పనిలో చేరాడు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ఇప్పుడు అతని గొంతే చెబుతుంది. ఇంజను ఎక్కాలన్న కోరిక మనసులోంచి పోయిందా అని తల్లి ఎప్పుడూ అడగలేదు.