ఊదుబత్తులు పట్టుకున్న కోడలు

నిన్న హనుమకొండ చౌరస్తాలో దుకాణాయన రెండు ఊదుబత్తులు వెలిగించి, గంధం కావాలా, అగరు కావాలా అని అడిగాడు. రెండూ కట్టె వాసనలే, అయినా తేల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. అగరు కట్టించుకుని బయటికొచ్చాక మా అత్తమ్మ గుర్తొచ్చి, ఆ దుకాణం మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను.

నిజాం కాలం నాటి మాట. కాశిబుగ్గలో మాది నేతపని ఇల్లు. వాడలో పెళ్లికైనా పూజకైనా ఏ ఊదుబత్తి కొనాలో అత్తమ్మ చెప్పాల్సిందే, ఆవిడ ముక్కుకు అంత పేరు. అత్తర్లు, ఊదుబత్తులు అమ్మే సాయిబు పెట్టె దించగానే, పదమూడేళ్ల కొత్తకోడలినైన నేను చేతికొక బత్తి వెలిగించి పట్టుకుని ఆవిడ ఎదుట నిలబడాలి. ఆవిడ వాసన పీలుస్తూ నన్నే గుచ్చి గుచ్చి చూసేది. నాలో తప్పులు వెతుకుతోందనుకుని హడలిపోయేదాన్ని. అత్తగారింట ఏదీ మొహంలో కనబడనీయకూడదని మా అమ్మ హసన్‌పర్తిలో బండెక్కించేటప్పుడే నూరిపోసింది. ఆ విద్యలో ఆరితేరానని నాకు గట్టి నమ్మకం.

నాలుగేళ్లు అలాగే గడిచాయి. యుద్ధం రోజులొచ్చి నూలు దొరకడమే గగనమైంది. ఒక మధ్యాహ్నం, ఆ నెలంతా నేయాల్సిన నూలు అత్తమ్మ వెనక కుప్పగా ఉంది. బత్తులు ముట్టించి నేను పారేసిన అగ్గిపుల్ల ఆరలేదు, వెళ్లి అందులో పడింది. అత్తమ్మ అగరు వాసన చూస్తుండగా గుప్పున దూది కాలిన కంపు కొట్టి నా మొహం ముడుచుకుపోయింది.

“అగరు వద్దు సాయిబూ, గాటున్నది. గంధమే ఇయ్యి” అంది అత్తమ్మ తాపీగా.

ఆవిడ వీపు వెనక పొగ లేస్తోంది. ఇల్లంతా నిండిన ఆ కంపు ఆవిడకు తెలియడం లేదు! గబగబా నీళ్ల బిందె ఎత్తి నూలు మీద కుమ్మరించాను. నాలుగైదు పోగులు తప్ప నూలు దక్కింది.

సాయిబు వెళ్లాక, చెంప పగులుతుందని నిలబడ్డాను. అత్తమ్మ పాలిపోయిన మొహంతో నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు రాకముందే జరమొచ్చి నా ముక్కు సచ్చిపోయింది. ఏ బత్తి మంచిదో నీ మొకం జూసే చెప్తాన. ఎవ్వలకు చెప్పకు బిడ్డా.”

ఆవిడ బతికున్నన్నాళ్లూ నేనెవరికీ చెప్పలేదు. కానీ ఆ దిగ్భ్రమ నాకింకా తీరలేదు. ఆ ఇంట్లో నా మాటకు చోటే లేదని నాలుగేళ్లు లోలోపల కుమిలాను. అక్కడ వెలిగిన ప్రతి బత్తీ నేను ఎంచినదేనని తెలిసేనాటికి, అవన్నీ ఎప్పుడో బూడిదైపోయాయి.