గోడ మీది రెండో పంచాంగం

పంచాంగం పెళ్లిళ్లకూ పూజలకూ మాత్రమే అనుకునేవాళ్లు నిజామాబాద్ గంజ్‌లో, పసుపు అమ్ముకునే ఆ మార్కెట్‌లో, ఒక్క పూట కూడా నిలబడి ఉండరు. ఉగాది ముందు, రైతుల సరుకు వేలం వేయించి కమీషన్ తీసుకునే ప్రతి అడ్తి దుకాణం పంచాంగం అట్ట మీద తన పేరు అచ్చు వేయించి, తన రైతులకు ఊరికే పంచేది. ఎవరి పంచాంగం గోడకు తగిలిస్తే వాళ్ల దుకాణానికే పసుపు తేవాలి. ఎక్కడా రాసి లేదు. తప్పితే మాత్రం ఊరుకునేవారు కాదు.

నేను బీఏ చదువుతున్న ఏడు, కాలేజీ నుంచి వస్తూ ఇంకో దుకాణం పంచాంగం అడిగి తెచ్చాను. మా అడ్తిదారు ఇచ్చినదాంట్లో వర్జ్యం ఘడియల్లో ఉండేది. బండి ఎప్పుడు కట్టాలని మా ఊరు మాక్లూరులో ఎవరు అడిగినా నేనే కూర్చుని గంటల్లోకి మార్చాలి. ఇందులో గంటలే అచ్చు వేశారు. రెండూ ఒకే మేకుకు తగిలించాను, కొత్తది పైన.

సరుకు చూడటానికి ఇంటికొచ్చిన అడ్తిదారు గోడ వైపు చూశాడు. చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

మర్నాడు గంజ్‌లో ఆయన దుకాణం ముందే మా పసుపు కుప్ప పోశాం. పక్క కుప్పలన్నిటికీ వేలంపాట అయిపోయింది. మాది పాడించడానికి ఆయన గద్దె దిగలేదు. బోధన్ దిక్కున మబ్బు నల్లబడుతోంది. పసుపు తడిస్తే ఏడాది కష్టం బూజు పడుతుంది. కుప్ప ఎత్తి ఇంకో దుకాణానికి మోసేంత వ్యవధి లేదు. మా బాపు మూడుసార్లు వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడి, తిరిగొచ్చాడు.

నాలుగోసారి నేను వెళ్లాను.

"సేటూ, వాన వస్తదని మీ పంచాంగంల రాయలేదా?"

"నాదాంట్ల ఏమున్నదో మీకెందుకు బిడ్డా? మీ గోడకు వేరేటోనిది ఉన్నది గద. గాడికే పోండ్రి."

"గది బాపు తేలే, నేను తెచ్చిన. మీది సదవాలంటే లెక్కల సారు గావాలె."

హమాలీలు నవ్వారు. ఆయన మొహం గట్టిపడింది.

"గట్లనా? అయితే తప్పు నీదేనని అందరి ముంగట చెప్పు. మాఫీ అడుగు. అప్పుడు దిగుత."

ఆయనకు తగిన జవాబులు నా నాలుక మీద పది ఉన్నాయి. ఇంతలో ఉరిమింది. వెనక్కి చూస్తే, కుప్ప మీద సంచులు చాలని చోట బాపు తన కండువా పరుస్తున్నాడు.

"తప్పు నాదే. మాఫ్ చెయ్యిండ్రి."

"జర జోరుగ."

మళ్లీ చెప్పాను, గంజ్ అంతా వినేలా.

పాట అయింది. ఆఖరి సంచి కుడుతుండగా చినుకులు మొదలయ్యాయి.

మరుసటి ఏడు బాపు నన్ను గంజ్‌కు తీసుకుపోలేదు. నా నోటికి భయపడేనా అని పోట్లాడాను.

"నోటికేంది బిడ్డా," అన్నాడు. "గా పొద్దు నువ్వు తల వంచినవ్. గది మల్ల సూసుడు నాతోని గాదు."