ధవళేశ్వరంలో తెల్ల మస్కతు ద్రాక్ష వాసన చూసిన రోజు

ఏడేళ్లుగా నా కడుపు మండుతోంది. ధవళేశ్వరంలో ఒక దొర బంగళాకు తోటమాలి అయిన పోలయ్య, సన్నజాజిలా గుబాళించే తెల్ల మస్కతు ద్రాక్ష అంటూ నాకొక కొమ్మ ఇచ్చాడు. నేను టేకు గుంజలతో పందిరి వేసి మండపేట అంతా చెప్పుకున్నాను. కాసినవి నాలుగు గుత్తులు. వాసన లేదు, పులుపొక్కటే. అది పీకేసి ఆనపపాదు పెడతానని మా ఆవిడ రోజూ అంటోంది. పోలయ్య నన్ను మోసం చేశాడో లేదో తేల్చుకోవాలని ఫాల్గుణంలో బయలుదేరాను.

కోడికూతకు మండపేటలో పడవెక్కితే పొద్దు వాలేసరికి ధవళేశ్వరం చేరతాం. మనిషికి రెండణాలు. ఎదురునీరు కాబట్టి గట్టు మీంచి తాడు కట్టి లాగుతారు. కడియం లాకు దగ్గర తలుపులు తీసేదాకా గంట ఆగాలి. చద్దన్నం దగ్గరుంచుకోవాలి.

"ద్రాక్షపళ్లకి ఇంత దూరమాండీ? మా ఆడోళ్లు ఉప్పాడ చీరక్కూడా ఇంత దూరం రారండి" అన్నాడు పడవవాడు.

"నోరు మూసుకుని లాగు" అన్నాను.

బంగళా తోటలో పందిరి కింద పోలయ్య ఒక పండు కోసిచ్చాడు. "గబుక్కున మింగెయ్యకండి. వేళ్లతో నలిపి ముందు వాసన చూడండి." నిజంగానే గుబాళించింది. అత్తరు పూశాడేమోనని పందిరి ఆ చివరికి పోయి, నేనే ఒకటి కోసి, పంచె అంచుతో తుడిచి చూశాను. అదే వాసన.

ఈ జాతి పండుతోనే దొరల సీమలో చేసిన తెల్ల ద్రాక్షసారా నాకు రుచి చూపిస్తానని, బంగళా వంటవాడు సీసాకు తడిగుడ్డ చుట్టి గాలికి పెట్టాడు. "చల్లగా ఉండాలండి. వేడెక్కితే ఘాటే తప్ప వాసన తెలవదు. ముందు ముక్కుతో, తర్వాత చిన్న గుక్క, మధ్యలో కారంగా వేపిన రొయ్య."

"ముందు నువ్వు తాగు."

తాగాడు. ఏమీ కాలేదు. అప్పుడు నేనొక గుక్క వేశాను. తీపి నాలుక మీద ఆగి, వాసన గొంతులోంచి ముక్కుకెక్కింది.

"మరి నాకిచ్చిందేం కంపరా?" అని పోలయ్యను నిలదీశాను.

"ఇదేనండీ. నీళ్లెలా పెడతన్నారు?"

"మొదలు చుట్టూ గట్టు కట్టాను. ఎప్పుడూ జానెడు నీరుంటుంది. కాలవ పక్కన నాకు కరువా?"

పోలయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ద్రాక్షని వరిలా ఊడ్చేశారేంటండీ!"

"ఆనాడే చెప్పొద్దూ?"

"గట్టు కడతారని కలగన్నానాండీ!"

వాడి తీగ మొదట్లో మట్టిలోకి వేలు పెట్టి చూశాను. వేలి కణుపు దాకా పొడి.

ఇంటికొచ్చి గట్టు తెంచాను. అయినా అనుమానం తీరలేదు. ఆనకట్ట లేని రోజుల్లో గంజినీళ్లకు ఏడ్చినవాణ్ణి నేను. నీరెక్కువై ఒక మొక్క చెడిందంటే ఎలా నమ్మను? మీరెవరైనా వెళ్తే ఆ పొద్దు చుట్ట కాల్చకండి. చుట్ట కాల్చిన ముక్కుకు ఈ వాసన అందదు.

పోలయ్యా, చైత్ర పౌర్ణమికి కాలవ కట్టేస్తారు. ఆలోపు పడవెక్కి వచ్చి, నా తీగ ఆకు చూసి, ఇది నువ్విచ్చిన మస్కతేనని మా ఆవిడ ఎదుట చెబుతావా, చెప్పవా?