గుట్ట కింది చెట్లు

నా చిన్నప్పుడు దసరా దగ్గరపడితే మా వాడ ఆడవాళ్ళందరికీ గుట్టే దిక్కు. పాలమూరు గుట్టల నిండా సీతాఫలం చెట్లు. ఎవరూ నాటినవి కావు, ఎవరి సొత్తూ కావు. గుంటెడు భూమి లేని మాకు ఆ నెల రోజులూ అదే పంట. కళ్ళు విచ్చిన, అంటే పక్వానికొచ్చిన కాయలే కోసి, గంపల్లో పేర్చి, బస్సులు ఆగేచోట అమ్మేవాళ్ళం.

వాడలో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కగలిగినవాళ్ళు గుట్ట పైకి పోవాలి. బాట పక్కన కిందుగా ఉన్న చెట్లు ఎక్కలేనివాళ్ళవి. ముసలివాళ్ళు, కాలు బాగాలేనివాళ్ళు, బాలింతలు అక్కడ కోసుకునేవారు. అందరం పాటించేవాళ్ళం. కడుపు నిండినంతకాలం పాటించడం గొప్పేమీ కాదు లెండి.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు పట్నం నుంచి ఒక సేటు లారీతో వచ్చాడు. కన్ను విచ్చినా విచ్చకపోయినా గంపకింత అని ఇస్తానన్నాడు. ఉన్నవన్నీ రెండు రోజుల్లో కోసెయ్యమన్నాడు. వాడంతా గుట్ట మీద పడింది. మేమూ పడ్డాం. మొదటి సాయంత్రానికే పై చెట్లు కొమ్మలు విరిగి బోసిపోయాయి. ఇక మిగిలినవి కింది చెట్లు. ఆ ఏడు అవి మా పక్కింటి చిన్నమ్మవి. ఆమెకు కాన్పై వారమైంది. మొగుడు ఎక్కడో ఆనకట్ట పనికి వలసపోయాడు. ఇంట్లో గింజల్లేవు. ఆ కాయలూ పోతే తల్లీబిడ్డలు పస్తే.

మర్నాడు గంపలతో వెళ్ళేసరికి మా అవ్వ ఆ చెట్ల కింద గొంగడి పరుచుకుని కూర్చుని ఉంది. అందరూ తిట్టారు. సేటు రేపు ఉంటాడా అన్నారు. కన్నకొడుకు, మా బాపు, అందరికంటే గట్టిగా అరిచాడు, మన పిల్లలకు మాత్రం ఏం పెడదామని. అవ్వ గొంతు పెంచలేదు.

"రాగలిగినోళ్ళం మనం వచ్చినం. రాలేనిదాని వంతు గూడ మనమే కోస్కపోతే అది ఎవ్వల్ని అడగాలె బిడ్డా?"

బాపు గంప బోర్లించి ఆమె పక్కనే కూలబడ్డాడు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. నాకైతే అవ్వ మీద ఒళ్ళుమండింది. ఆ వారమంతా మా ఇంట్లో జొన్న గట్క జావ కాదు, నీళ్ళలాగే ఉంది మరి.

చిన్నమ్మ నెల తిరక్కముందే లేచి, కన్ను విచ్చిన కాయలు విచ్చినట్టు కోసుకుని అమ్ముకుంది. సేటు మళ్ళీ ఈ దిక్కు రాలేదు. విరిగిన చెట్లు మరుసటి ఏడు సరిగా కాయలేదు. అయినా అవ్వను ఒక్కరూ మెచ్చుకోలేదు. ఆ చెట్ల కింద నేల మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసి ఆమె చాలా రోజులు మంచం దిగలేదు.

తెలంగాణ వచ్చాక మా ఆడవాళ్ళం సంఘం పెట్టుకుని సీతాఫలం గుజ్జు తీసి అమ్ముతున్నాం. సగం గుట్ట ప్లాట్లయిపోయింది. ఉన్న సగానికే పంపకాలు. మీటింగులో వచ్చినవాళ్ళ వంతులు తేలగానే నేను రానివాళ్ళ సంగతి ఎత్తుతాను. "పెద్దమ్మా, నీది ఎప్పుడు గిదే లొల్లి" అంటారు. ఒకసారి వింటే నాలుగుసార్లు వినరు. అడిగి అడిగి నాకే విసుగొచ్చింది.

ఇప్పుడు నేనూ గుట్ట ఎక్కలేను. మొన్న మనవరాలు నన్ను మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్ళి, బాట పక్క చెట్టు కాయ మీద చెయ్యి వేసింది. "ఇగ ఇవి నీయే గదా అవ్వా" అంది. కట్టుబాటు ప్రకారం నావే. అయినా సగం కొమ్మలు వదిలెయ్యమన్నాను. నేను ఎంత ఆయాసపడ్డా ఆ చెట్టు దాకా నడిచి వచ్చాను. అక్కడిదాకా కూడా రాలేనివాళ్ళు మా వాడలో ఇంకా ఉన్నారు.