బాపు ఇంటికొచ్చిన రోజు ఏడుపు

ఏడవడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో తెలిస్తే చాలు, జీవితం గట్టెక్కినట్టేనని నేను నమ్మిన రోజులవి. కరోనా పుణ్యమా అని సూరత్‌లో మా కాలేజీ మొత్తం ఫోనులోకి వచ్చి కూర్చుంది. తెలంగాణ నుంచి వలసొచ్చిన మాది లింబాయత్ పేటలో ఒక్క గది ఇల్లు. గోడ వారగా నేను కూర్చున్నచోటు క్లాసు, చెయ్యి చాపితే అమ్మ పొయ్యి. (పోపు వేసినప్పుడల్లా మా మేడమ్ "ఎవరది? మ్యూట్ చేసుకోండి" అనేది. ఆ చప్పుడు ఇంకెవరిదో అన్నట్టు చూసేదాన్ని.) సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసే మనిషి కూతురు ఇంగ్లీషు చదువుతోందని పక్కింట్లోనే ఉండే మా మేనత్త నన్ను "దొరసాని" అని పిలిచేది. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ పిలుపు నాకు ఇష్టమే.

అంతలో బాపుకు, మా నాన్నకు, ఊపిరాడక పెద్దాసుపత్రిలో చేర్చారు. చూడనివ్వరు. ఫోను చేస్తే ఎత్తితే ఎత్తుతారు, లేకపోతే లేదు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మాత్రం కంట చుక్క పెట్టలేదు. నేను వెక్కుతుంటే మీద పడింది.

"నోర్ముయ్! పాణంతోటి ఉన్న మనిషికి ఏడుస్తరా? అరిష్టం. ఆయన ఇంట్ల అడుగువెట్టినంక ఏడుస్త, జీ భర్‌కే, కడుపార ఏడుస్త."

ఆ వారమే మేడమ్ ఏడుపు మాటలు మొదలుపెట్టింది. వీప్ అంటే కన్నీళ్లే తప్ప చప్పుడుండదు, సాబ్ అంటే వెక్కిళ్లు, హౌల్ అంటే ఊళ. మా ఇంటికి ఇంతకంటే తగిన పాఠం ఏముంటుంది! "వెయిల్ అంటే ఏంటి? నువ్వు చెప్పు" అని నన్నే లేపింది. మైకు తెరిచి గొంతు సవరించుకున్నాను.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర బాపు! సగానికి సగం చిక్కిపోయి, చేతిలో ప్లాస్టిక్ సంచితో. నయమైందని పంపేశారట, ఫోను చచ్చిపోయి చెప్పలేక ఆటో ఎక్కి వచ్చేశాడు. అమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"ఓ నా దేవుడా! నన్నూ పిల్లనూ గిట్ల ఇడిసిపెట్టి యాడికి పోయినవయ్యా!"

మేనత్త పరుగున వచ్చి వంత అందుకుంది. "ఓ నా తమ్ముడా! గింత బక్కగైనవేంది నా అయ్యా!"

మా వైపు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం తీసి, వరస పెట్టి పిలిచి, పడ్డ కష్టమంతా చెప్పి మరీ ఏడుస్తారు. మనిషి పోయినా అదే రాగం, మనిషి తిరిగొచ్చినా అదే రాగం. మేడమ్ మొదట నేను వెయిల్‌కి, అంటే రాగం తీసి ఏడవడానికి, ఉదాహరణగా ఏదో వీడియో పెట్టాననుకుని "వెరీ గుడ్" అంది. ఏడుపు ఆగకపోయేసరికి, బాపు ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. "బేటా... పప్పా?" అని అడిగింది. నేను సిగ్గుతో ఫోను ఆపేశాను. క్లాసు మొత్తం నుంచి సంతాప సందేశాలు వచ్చి పడ్డాయి.

అమ్మ ఇంకా రెండో చరణంలో ఉండగానే ఎదురింటి గుజరాతీ ముసలమ్మ వచ్చింది. ఆమెను వీధంతా 'బా' అంటాం. సూరత్‌లో చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు ఖిచిడీ, కఢీ వండి తెస్తారు. తన ఇంటికోసం వండుకున్న గిన్నె అలాగే ఎత్తుకొచ్చి, కొంగు ముఖానికి కప్పుకుని, గడప దగ్గర పెట్టింది. లోపల్నుంచి బాపు అన్నాడు, "ఆకలైతుంది, జర ఏమన్న పెట్టుండ్రి."

బా కొంగు తీసి చూసింది. "హాయ్ హాయ్! ఆ తో జీవే ఛే!" ఈయన బతికే ఉన్నాడే అని అక్కడే కూలబడి మా అమ్మకంటే గట్టిగా ఏడ్చింది.

బాపు తన చావు ఖిచిడీని తానే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. "సచ్చినోని కూడు గింత రుచుంటదా!" అన్నాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

నిజంగా మనిషి పోయిన ఇంటికే జనం రావడానికి జంకిన కాలమది. బా మాత్రం జరగని చావుకు కూడా గిన్నె పట్టుకుని గడప దాకా వచ్చింది. ఆమెకు నేను ఏ భాషలోనూ సరిగ్గా ధన్యవాదం చెప్పలేకపోయాను.

ఇప్పుడు నా ఉద్యోగంలో రోజంతా ఇంగ్లీషే. ఆ మధ్యాహ్నం, క్లాసంతా విన్నదని మూలకు ముడుచుకున్న పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పిచ్చిదానా, బాపు వచ్చాడే! నువ్వూ వెళ్లి ఆ ముగ్గురి పక్కన కూర్చుని, వీధి అదిరేలా ఏడవాల్సింది.